పేగు స్కానుకు ముందు గ్లాసులో ఏముంటుంది?

రాత్రి నుంచి ఏమీ తినకుండా రమ్మంటారు. తీరా వచ్చాక లీటరున్నర తాగమంటారు. పేగు స్కాను కోసం గుడియాత్తం నుంచి వేలూరు వచ్చిన మనిషికి మొదట ఎదురయ్యే చిక్కుముడి ఇదే. కడుపు ఖాళీగా ఉండాలా, నిండుగా ఉండాలా? పక్క కుర్చీలో ఉన్నాయనకు పాలలాంటి తెల్లటి ద్రవం ఇచ్చి, తనకు నీళ్లలాంటిది ఎందుకిచ్చారు? ఇంకొకాయనను చుక్క కూడా తాగించకుండా లోపలికి ఎందుకు తీసుకుపోయారు?

1900లో ఐడా స్కడర్ చిన్న మందుల గదితో మొదలుపెట్టిన ఆసుపత్రి ఇవాళ క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)గా ఎదిగి వేలూరుకు పెద్దాసుపత్రి ఊరన్న పేరు తెచ్చింది. చిత్తూరు, పలమనేరు, కుప్పం పక్క ఊళ్లలో ‘రాయవేలూరికి తీసుకుపోయినారు’ అన్నారంటే జబ్బు పెద్దదని చెప్పకనే చెప్పినట్టు. గుడియాత్తం, పేర్ణంబట్టు వైపు తెలుగు మాట్లాడే ఇళ్లూ తక్కువేం కాదు. అందుకే ఆ గ్లాసు గురించిన సందేహాలు స్కాన్ గది బయట తెలుగులో కూడా బాగానే వినిపిస్తాయి. జవాబు చెప్పే తీరికే అక్కడ ఎవరికీ ఉండదు.

కెమెరా చేరని చోటు

నోటి గుండా దింపే ఎండోస్కోపు మామూలుగా జీర్ణాశయం దాటి చిన్నపేగు మొదటి వంపు దాకా పోతుంది. కింది నుంచి పంపే కొలనోస్కోపు పెద్దపేగంతా చూసి, చిన్నపేగు చివర కొన్ని అంగుళాలు తొంగిచూసి వెనక్కి వస్తుంది. ఈ రెండింటి మధ్య చుట్టలు చుట్టుకుని పడి ఉన్న మీటర్ల కొద్దీ పేగు మిగిలిపోతుంది. మింగే కెమెరా బిళ్ల ఒకటి ఉంది కానీ, పేగు ఎక్కడైనా ఇరుకై ఉంటే అది అక్కడే ఇరుక్కుంటుంది. అందువల్ల ఇరుకు ఉందనే అనుమానం ఉన్నప్పుడు ముందు స్కాను తీసి చూడాల్సిందే.

స్కానుకు ఉన్న ఇబ్బంది వేరు. గాలి లేని సైకిల్ ట్యూబును చేతికిచ్చి పంచరెక్కడుందో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? గోడకు గోడ అంటుకుని ముడతలు పడి ఉంటుంది. పంచర్ షాపాయన ముందు గాలి కొట్టి ట్యూబును ఉబ్బిస్తాడు, తర్వాతే నీళ్ల తొట్టిలో ముంచుతాడు. పేగు సంగతీ అంతే. చక్కగా విచ్చుకున్న చిన్నపేగు గోడ మందం మూడు మిల్లీమీటర్ల లోపే. అదే పేగు ముడుచుకుని ఉంటే రెండు గోడలూ కలిసి మందంగా కనబడతాయి. అప్పుడు లేని వాపు ఉన్నట్టు అనిపించవచ్చు, ఉన్న వాపు ముడతల్లో దాక్కోనూ వచ్చు. అన్నం మానేసి రమ్మనడం పేగులో మెతుకులు అడ్డు రాకూడదని. లీటరున్నర తాగమనడం ఆ ఖాళీ పేగును విప్పడానికి. రెండు మాటల్లోనూ వైరుధ్యం లేదు.

ఇక దేనితో విప్పాలన్నదే అసలు ప్రశ్న.

తెల్లదనం ఎక్కడ నుంచి వచ్చింది

రాంట్జెన్ ఎక్స్-కిరణాలను కనిపెట్టింది 1895 చివర్లో. మరుసటి ఏడాదే హార్వర్డ్ వైద్య విద్యార్థి వాల్టర్ కానన్ జంతువులకు బిస్మత్ కలిపిన మేత పెట్టి, అది కడుపులో ఎలా కదులుతుందో కిరణాల వెలుగులో చూడడం మొదలుపెట్టాడు. పిల్లికి కోపం వస్తే దాని జీర్ణాశయం కదలిక ఆగిపోతుందని ఆయన గమనించింది ఆ పరిశోధనల్లోనే. 1904లో మ్యూనిక్‌లో హెర్మన్ రీడర్ బిస్మత్‌ను జావలో కలిపి మనుషులకు పెట్టి పరీక్షించే పద్ధతి తెచ్చాడు. అయితే ఆ రోజుల్లో వాడిన బిస్మత్ లవణం కొందరిలో విషమైంది. 1910లో దాని స్థానంలోకి బేరియం సల్ఫేటు వచ్చింది. వందేళ్లు దాటినా ఇంకా పోలేదు.

బేరియానికి ఆ బలం ఎక్కడిది? ఎక్స్-కిరణాలను అడ్డుకునే శక్తి పరమాణువులోని ఎలక్ట్రాన్ల సంఖ్యతో పాటు వేగంగా పెరుగుతుంది. మన మెత్తటి కండంతా ప్రధానంగా హైడ్రోజన్, కార్బన్, ఆక్సిజన్. వాటిలో ఎలక్ట్రాన్లు 1, 6, 8. ఎముకలోని కాల్షియానికి 20. అయోడిన్‌కు 53, బేరియానికి 56. అందుకే కాస్త బేరియం గానీ, అయోడిన్ గానీ కలిపిన ద్రవం ఉన్న చోట చిత్రం తెల్లగా మెరుస్తుంది.

నీళ్లలో కరిగే బేరియం మాత్రం విషం. బేరియం కార్బొనేటును ఎలుకల మందుగా వాడేవారు. బేరియం సల్ఫేటు కరగదు. తాగింది తాగినట్టే కిందికి పోతుంది, రక్తంలో కలవదు. ఆ కరగనితనమే మనకు రక్ష. 2003లో బ్రెజిల్‌లో పరీక్ష కోసం తాగించిన బేరియం సల్ఫేటులో కార్బొనేటు కలిసి ఉండడంతో రోగులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

వేలూరు చుట్టుపక్కల పేగు వైద్యానికి బేరియంతో పాత చుట్టరికమే ఉంది. 1960ల మొదట్లో ఉత్తర ఆర్కాటు జిల్లా పల్లెల్లో ‘ట్రాపికల్ స్ప్రూ’ అనే పేగు జబ్బు మహమ్మారిలా వ్యాపించింది. తిన్నది ఒంటికి పట్టక మనుషులు శల్యాలైపోయేవారు. సీఎంసీలో బేకర్, మథన్ అనే వైద్యులు దాన్ని అధ్యయనం చేశారు. అలాంటి జబ్బుల్లో బేరియం తాగించి ఎక్స్-రే తీస్తే, నునుపుగా పారాల్సిన తెల్లటి ధార ముక్కలు ముక్కలుగా, పేలాలు పేలాలుగా విడిపోయి కనిపించేదని ఆ కాలపు పుస్తకాలు చెబుతాయి. పేగు లోపలి ఆకారం చూడడానికి తెల్లటి మందు భేషైనది. పేగు గోడ సంగతి మాత్రం అది చెప్పదు.

నీళ్లయితే చాలదా?

సీటీ స్కాను వచ్చాక వైద్యుల చూపు పేగు లోపలి ఖాళీ నుంచి గోడ మీదికి మళ్లింది. వాపెక్కిన గోడకు రక్తం ఎక్కువగా చేరుతుంది. చేతి నరంలోకి అయోడిన్ మందు ఎక్కించిన 45–50 సెకన్లకు ఆ గోడ తెల్లగా మెరుస్తుంది. జబ్బు ఆనవాలు ఆ మెరుపే. లోపలి ద్రవం కూడా అంతే తెల్లగా ఉంటే, గోడ ఎక్కడ ముగిసిందో, ద్రవం ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. అందుకే గోడను చూడాలనుకున్నప్పుడు లోపల నింపేది నీళ్లలా బూడిద రంగులో కనబడాలి. అంతటితో గోడ ఒక్కటే మెరిసి విడిగా కనబడుతుంది.

మరి మామూలు నీళ్లే తాగిస్తే పోలా? ఈ మాట అనే పెద్దమ్మలు ప్రతి స్కాన్ గది బయటా ఉంటారు.

‘నీళ్ల మాదిరే ఉండాది గదమ్మా, ఇంటికాడే తాగి వచ్చేదాన్ని గదా?’

‘ఉత్త నీళ్లయితే నువ్వు ఈడికి వచ్చేలోపే ఇంకిపోతాయి పెద్దమ్మా. ఇంకో రెండు గ్లాసులు ఉండాయి, కానీ.’

ఆ నర్సమ్మ చెప్పింది అక్షరాలా శరీరశాస్త్రం. తాగిన నీళ్లు, లాలాజలం, జీర్ణరసాలు అన్నీ కలిపి రోజుకు ఎనిమిది తొమ్మిది లీటర్ల ద్రవం పేగులోకి దిగుతుంది. మలంతో బయటికి పోయేది 100–200 మిల్లీలీటర్లే. మిగిలిందంతా పేగు పీల్చేసుకుంటుంది, అందులో పెద్ద వాటా చిన్నపేగుదే. అందువల్ల ఉత్త నీళ్లు జీర్ణాశయాన్నీ, చిన్నపేగు తొలి భాగాన్నీ విప్పగలవు. జబ్బులు ఎక్కువగా చేరే చివరి భాగానికి చేరేసరికి అవి మిగలవు.

నీళ్లను పేగులోనే కట్టేసి ఉంచాలంటే వాటిలో పేగు పీల్చుకోలేనిది ఒకటి కలపాలి. మానిటాల్ అలాంటిదే. చక్కెరకు దూరపు చుట్టం, కాస్త తియ్యగా ఉంటుంది, పేగు గోడ దాటి లోపలికి పోయేది బహు తక్కువ. మెదడు వాపు తగ్గించడానికి నరంలోకి ఎక్కించే 20 శాతం మానిటాల్ సీసాలు మన ఊరి మందుల షాపుల్లో కూడా దొరుకుతాయి. లీటరున్నర ద్రవంలో సుమారు 40 గ్రాముల మానిటాల్ ఉండేలా దాన్ని పలచన చేసి తాగిస్తారు. రక్తం కంటే ఈ ద్రవం పలచన కాబట్టి మొదట కొన్ని నీళ్లు ఇంకిపోతాయి. రెండింటి గాఢత సమానమైన దగ్గర ఇంకడం ఆగుతుంది. మిగిలింది పేగును విప్పుకుంటూ చివరి దాకా పోతుంది. అయితే ఇంకా గట్టిగా కలిపితే ఇంకా మంచిది కదా అనుకోకూడదు. రక్తం కంటే చిక్కగా ఉంటే అది ఒంట్లో నీటినే పేగులోకి లాగి, మనిషిని నీరసపరిచి, కడుపును మెలిపెడుతుంది. ఇలాగే నీటిని పట్టి ఉంచే మరో పదార్థం పాలీఇథిలీన్ గ్లైకాల్. కొలనోస్కోపీకి ముందు పేగు శుభ్రం చేయడానికి ఇచ్చే పొడి అదే.

ఈ సూత్రాన్నే తిరగేసి వాడిన చరిత్ర కూడా వేలూరుకు ఉంది. విరేచనాల రోగికి ఇచ్చే ఓఆర్ఎస్‌లో గ్లూకోజు, ఉప్పు చేయి చేయి పట్టుకుని పేగు గోడ దాటుతాయి, వాటి వెంట నీళ్లూ పోతాయి. సీఎంసీలో రామకృష్ణ బృందం దానికి జీర్ణం కాని పిండిపదార్థం ఒకటి జోడించి, కలరా రోగుల్లో విరేచనాలు త్వరగా తగ్గుతున్నాయని 2000లో చూపించింది. ఆ పిండి చిన్నపేగులో అరక్కుండా పెద్దపేగు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి చేసే ఆమ్లాలు ఉప్పునూ, నీళ్లనూ లోపలికి లాగుతాయి. ఓఆర్ఎస్ పని నీళ్లను లోపలికి పంపడం, మానిటాల్ పని పంపకుండా ఆపడం. రెండూ ఒకే పేగు స్వభావం మీద ఆధారపడ్డవి.

మానిటాల్‌ను పెద్దపేగు బ్యాక్టీరియా వదిలిపెట్టదు. పులిసి వాయువు పుడుతుంది, కడుపు ఉబ్బుతుంది, తర్వాత రెండు మూడు విరేచనాలు కావచ్చు. స్కాను కాగానే గుడియాత్తం బస్సెక్కాలని తొందరపడేవాళ్లకు చెప్పాల్సిన మాట ఇది. ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దారి, బస్సులో అలాంటి సదుపాయం ఉండదు. పుట్టే వాయువుల్లో అంటుకునేవీ ఉంటాయి. మానిటాల్‌తో పేగు శుభ్రం చేసి, విద్యుత్ వేడితో కణితి కోస్తుండగా పెద్దపేగు పేలి రోగి చనిపోయిన ఘటన 1979లో వైద్య పత్రికలకెక్కింది. స్కానుకు తాగితే ఆ ప్రమాదం లేదు, అక్కడ నిప్పురవ్వ ఉండదు. కాకపోతే వెంటనే కొలనోస్కోపీ కూడా ఉంటే, ఏం తాగారో అక్కడి డాక్టరుకు చెప్పి తీరాలి.

పెట్టె: సీటీ చిత్రంలో నలుపు తెలుపుల లెక్క

సీటీ స్కాను ప్రతి చుక్కకూ ఒక అంకె ఇస్తుంది. 1971లో తొలి రోగికి స్కాను తీసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరే ఆ కొలతకు పెట్టారు. నీళ్లకు 0. గాలికి మైనస్ 1000, అది కటిక నలుపు. కొవ్వు మైనస్ 100 దరిదాపుల్లో, ముదురు బూడిద. తాగించే బేరియం, అయోడిన్ ద్రవాలు వందల్లో, తెలుపు. నీళ్లు, మానిటాల్, పాలు సున్నాకు దగ్గర. పాలు కూడానా అంటే, అవును. వెన్న తీయని పాలలోని కొవ్వు పేగు కదలికను నెమ్మదింపజేస్తుంది, పేగు బాగానే విచ్చుకుంటుంది. విదేశీ తయారీ ద్రవాలతో పోల్చి చూసిన పరిశోధనల్లో పాలు దీటుగా నిలిచాయి. పాలు పడనివాళ్లకు మాత్రం కుదరదు.

క్షయా? క్రోన్సా?

ఈ గ్లాసు ఎంపిక మన వైపు ఎందుకింత ముఖ్యమో తెలియాలంటే ఒక పాత తగాదా చెప్పుకోవాలి. కుడి పక్క పొత్తికడుపులో చిన్నపేగు పెద్దపేగులో కలిసే మలుపు ఉంది. పేగు క్షయకు ఇష్టమైన చోటు అదే. క్రోన్స్ అనే దీర్ఘకాలపు వాపు జబ్బుకూ అదే. రెండింటిలోనూ నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, పేగు ఇరుకవడం ఉంటాయి. లోపల పుండ్లు కూడా ఒక పోలికలోనే ఉంటాయి. కానీ వైద్యాలు ఉత్తర దక్షిణ ధ్రువాలు. క్షయ ఉన్నవారికి క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లూ, రోగనిరోధక శక్తిని అణిచే మందులూ ఇస్తే క్షయ విజృంభిస్తుంది. క్రోన్స్ ఉన్నవారికి నెలల తరబడి టీబీ మందులిస్తే, ఆ నెలల్లో పేగు ఇంకా ఇరుకై కత్తి దాకా వస్తుంది.

సీఎంసీ వైద్యులు పులిమూడ్, రామకృష్ణ, వారి సహచరులు 1999లో ‘గట్’ పత్రికలో ఒక ఆధారం చూపించారు. కొలనోస్కోపుతో తీసిన చిన్న ముక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తే కణాల గడ్డలు పెద్దవిగా, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, మధ్యలో చచ్చుబడి ఉన్నాయంటే క్షయ వైపు మొగ్గాలి. చిన్నవిగా, విడివిడిగా ఉంటే క్రోన్స్ వైపు. అయితే ముక్క తీయాలంటే కొలనోస్కోపు అందే చోటే జబ్బు ఉండాలి, ప్రతి ముక్కలోనూ ఆ గడ్డలు దొరకవు కూడా. స్కాను అక్కరకొచ్చేది అక్కడే.

మంచి స్కాను తీసి చూస్తే, క్షయలో పేగు పక్కనున్న లింఫు గ్రంథులు ఉబ్బి, చుట్టూ మెరుస్తూ నడుమ నల్లగా చచ్చుబడి కనిపించవచ్చు. ఆ నడిమి నలుపు కనబడితే క్షయకు గట్టి సాక్ష్యం. క్రోన్స్‌లో పేగు పొడవునా అక్కడక్కడా దెబ్బతిని, మధ్యలో బాగున్న భాగాలు వదిలి ఉండడం, గోడ పొరలు పొరలుగా మెరవడం, గోడకు వచ్చే రక్తనాళాలు ఉబ్బి దువ్వెన పళ్లలా వరుస తీరడం చూస్తాం. ఇందులో సగం సంగతులు గోడ మెరుపు మీదే ఆధారపడ్డవి. తెల్లటి మందు తాగించి తీసిన స్కానులో అవి దాదాపు మాసిపోతాయి. రోగికి మళ్లీ ఖర్చు, మళ్లీ కిరణాలు.

ఇంతవరకూ చదివి తెల్ల మందుకు కాలం చెల్లిందనుకుంటే తొందరపాటే. మన రోగుల్లో ఒక ప్రత్యేకత ఉంది. కడుపులోని కొవ్వు సీటీ చిత్రంలో ముదురు బూడిదగా కనబడి, పేగు చుట్టలను ఒకదాని నుంచి ఒకటి విడదీసి చూపిస్తుంది. ఆర్నెల్లుగా జ్వరంతో బక్కచిక్కిన క్షయ రోగి కడుపులో ఆ కొవ్వు ఉండదు. చుట్టలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఒకే ముద్దగా కనబడతాయి. వాటి నడుమ చీము గడ్డ ఉంటే అది పేగు చుట్టో, గడ్డో తేల్చడం అనుభవజ్ఞులకూ కష్టమే. అలాంటప్పుడు తెల్లటి ద్రవం పేగునంతా తెల్లగా నింపితే, నిండకుండా మిగిలింది గడ్డ అని తెలిసిపోతుంది. పేగు నుంచి పక్కకు దారి పడి కారుతోందా, ఆపరేషన్ తర్వాత కుట్టు దగ్గర లీకు ఉందా అన్న ప్రశ్నలకూ తెల్లదే జవాబు. బొట్టు బయటికి వచ్చినా మెరుస్తుంది.

తెలుపులోనూ రెండు

పేగుకు చిల్లు పడిందన్న అనుమానం ఉంటే బేరియం పనికిరాదు. కరగని ఆ పొడి కడుపు పొరలోకి పోతే తీవ్రమైన వాపు తెస్తుంది, తీయడానికీ రాదు. అక్కడ నీళ్లలో కరిగే అయోడిన్ ద్రవమే వాడాలి, కారినా ఒళ్లు పీల్చేసుకుంటుంది. మింగిన ప్రతిదీ ఊపిరితిత్తుల్లోకి పోయే పక్షవాతం రోగి విషయంలో లెక్క మారుతుంది. గాస్ట్రోగ్రాఫిన్ లాంటి చిక్కటి అయోడిన్ ద్రవం ఊపిరితిత్తిలో పడితే అక్కడికి నీళ్లు లాగి ఊపిరి ఆడనివ్వదు.

అదే గాస్ట్రోగ్రాఫిన్ ఇంకో చోట దైవంలా పనికొస్తుంది. పాత ఆపరేషన్ల అతుకుల వల్ల పేగు కొంత మూసుకుపోయినప్పుడు దాన్ని తాగించి, 24 గంటల్లోగా అది పెద్దపేగు చేరిందో లేదో ఎక్స్-రేలో చూస్తారు. చేరితే చాలామందికి కత్తి తప్పుతుంది.

బేరియం పరీక్ష, సీటీ రెండూ రాస్తే సీటీ ముందు కావాలి. పేగులో మిగిలిన చిక్కటి బేరియం సీటీ చిత్రంలో చారలు చారలుగా మెరిసి అంతా పాడుచేస్తుంది. ఊళ్లో నిన్న బేరియం చేయించుకుని ఇవాళ సీటీకి వచ్చేవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి.

ఏమీ తాగించకపోవడమూ ఎంపికే

పేగు పూర్తిగా మూసుకుపోయి వాంతులవుతున్న మనిషికి తాగించడమే తప్పు. లోపల చేరిన ద్రవమే పేగును విప్పి చూపిస్తుంది. పేగులో రక్తం కారుతుంటే తెల్లటి ద్రవం పూర్తిగా నిషిద్ధం. నరంలో ఎక్కించిన మందు రక్తంతో పాటు పేగులోకి చిమ్మడం చూడాలి కదా, తెల్లని దాంట్లో తెల్లని చుక్క ఎలా దొరుకుతుంది? హఠాత్తుగా వచ్చిన కడుపునొప్పికి చేసే స్కానుల్లో కూడా తాగించడం ఇప్పుడు బాగా తగ్గింది. గంట కాచుకునే తీరిక అక్కడ ఉండదు.

ఎమ్మారైలో రంగుల లెక్కే వేరు. క్రోన్స్ ఉన్న కుర్రవాళ్లకు ఏళ్ల తరబడి స్కానులు కావాలి కాబట్టి, కిరణాలు లేని ఎమ్మారై మేలు. అక్కడా మానిటాల్ నీళ్లే చాలు. పిత్తనాళం చూసే ఎమ్మారైకి కొన్నిచోట్ల అనాస రసం తాగిస్తారు. అందులోని మాంగనీసు జీర్ణాశయంలోని ద్రవం మెరుపును తగ్గించి, వెనకనున్న నాళానికి అడ్డు తొలగిస్తుంది.

తాగేవాళ్లకు

లీటరున్నరను 45 నిమిషాల నుంచి గంట లోపల, గ్లాసు తర్వాత గ్లాసుగా, తీరుగా తాగాలి. ఒక్క గుక్కలో తాగితే వాంతి, నసిగితే ముందు తాగింది జారిపోయి పేగు మళ్లీ ముడుచుకుంటుంది. చివరి గ్లాసు బల్ల ఎక్కబోయే ముందు తాగమనేది జీర్ణాశయం కోసం. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు మానిటాల్ తీపికి భయపడనక్కర్లేదు, అది రక్తంలో చక్కెరను పెంచదు. చేపలు, రొయ్యలు పడనివాళ్లకు అయోడిన్ పడదన్నది అపోహ. గతంలో అయోడిన్ మందుకే దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే అది మాత్రం తప్పక చెప్పాలి.

ఖరీదైన సీసా తాగితేనే స్కాను బాగా వస్తుందనుకోవద్దు. సరైన సందర్భంలో మానిటాల్ నీళ్లు చేసే పని తక్కువేం కాదు. ఏది సరైనదో స్కాన్ గదిలోనివాళ్లు నిర్ణయించేది మీ చీటీ చదివే. ఆ చీటీ మీద ‘కడుపునొప్పి’ అని ఒక్క మాటే ఉంటే వాళ్లు ఊహించుకోవాలి. ‘క్షయా, క్రోన్సా’, ‘కుట్టు దగ్గర లీకు ఉందా’, ‘రక్తం ఎక్కడ కారుతోంది’ అన్న ప్రశ్న రాసి ఉంటే గ్లాసులో ఏం పోయాలో వాళ్లకు తెలుస్తుంది. స్కాను రాసే డాక్టరును అడిగి, దేనికోసం వెతుకుతున్నారో ఆ ఒక్క వాక్యం చీటీ మీద రాయించుకోండి.